పింఛను ఇచ్చేదీ నేనే, ఆరా తీసేదీ నేనే: ఆ కుటుంబం నన్ను ఎలా నమ్ముతుంది?

ప్రశ్న: నేను విశాఖపట్నం గాజువాక ప్రాంతంలోని ఒక వార్డు సచివాలయంలో సంక్షేమ, అభివృద్ధి కార్యదర్శిగా పనిచేస్తున్నాను. నా పరిధిలోని ఒక కుటుంబం గురించి రాస్తున్నాను. ఇంటి యజమానికి 49 ఏళ్లు, వెల్డరు. ఆటోనగర్‌లో ఆయన పనిచేసిన షెడ్డు మూతపడి ఆరేళ్లు దాటింది, ఆ తర్వాత స్థిరమైన పని దొరకలేదు. తల్లికి నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను వస్తుంది. భార్య వంటపని చేసి నెలకు మరో 4,000 తెస్తుంది. కూతురు ఇంటర్మీడియట్ చదువుతోంది. అయిదు వాటాల ఇంట్లో అద్దెకు ఉంటున్నారు. మొదట్లో నన్ను సొంత చెల్లెలిలా ఆదరించేవారు. 2025 జూన్‌లో, చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం జాబితా వచ్చినప్పుడు, కరెంటు వాడకం 300 యూనిట్లు దాటిందన్న కారణంతో వాళ్ల పేరు అనర్హుల్లో కనిపించింది. నేనే ఏదో రాశానని ఆయన అనుమానం. అప్పటినుంచి పని గురించి అడిగితే ఏమీ లేదంటారు. నెలలో నాలుగైదు రోజులు పనికి వెళ్తున్నారని పక్కవాటా వాళ్లు చెబుతారు. జాబ్ మేళాలకు రమ్మంటే రారు. ఈమధ్య నలుగురి ముందు, "మీరు మా ఇంటికి సాయానికి రావడం లేదు మేడం, లెక్కలు తీయడానికి వస్తున్నారు" అని అరిచారు. అసలు ఆయనకు పని చేయాలని ఉందా? నేను కఠినంగా ఉండాలా, చూసీచూడనట్టు పోవాలా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆయన నలుగురి ముందు అన్న ఆ మాటనే. అది మీ మనసును ఎంత కష్టపెట్టి ఉంటుందో ఊహించగలను. అయినా కోపం తగ్గాక ఆ మాటను ఒకసారి నిదానంగా చూడండి. మీ ఉద్యోగం ఎలా ఉందో ఆయన సగం సరిగానే చెప్పారు. మీరు ఆ ఇంటికి సాయానికీ వెళ్తున్నారు, లెక్కలకూ వెళ్తున్నారు. ఏ రోజు దేనికి వచ్చారో గుమ్మంలో నిలబడిన మనిషికి తెలిసే మార్గం లేదు. "ఎలా ఉన్నారు అన్నయ్య గారూ, పని ఏమైనా దొరికిందా" అన్న మీ పలకరింపు మీకు ఆప్యాయత, ఆయనకు విచారణ. మీ ఇద్దరిమధ్య తగవు ఇక్కడే పుట్టింది. మీ మంచితనంలోనూ ఆయన స్వభావంలోనూ దీనికి కారణం వెతకనవసరం లేదు.

ఈ చిక్కు మన దగ్గర కొంత కొత్తది. 2020 ఫిబ్రవరి నుంచి 2024 ఎన్నికల ముందు వరకు పింఛను సొమ్మును వలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. 2024 జులై 1 నుంచి ఒకటో తారీఖున ఆ సొమ్ము పట్టుకుని తలుపు తట్టేది సచివాలయ సిబ్బందే. అర్హతను నిర్ణయించే వివరాలను నమోదు చేసేదీ, సర్వేలకు వచ్చేదీ, పేరు పోతే ఆ కబురు చెప్పేదీ కూడా మీరే. అంటే ఒక కుటుంబానికి ప్రభుత్వం అన్నది మొత్తంగా మీ ఒక్కరి ముఖంలోనే కనిపిస్తోంది. అటువంటప్పుడు ఆ ముఖాన్ని జాగ్రత్తగా చూసి, ఆచితూచి మాట్లాడడం నేర్చుకోని పేదవాడు ఉండడు.

నిరుద్యోగ భృతికి చట్టం ఉన్న దేశాల్లో కూడా ఈ బంధం ఇలాగే బిగుసుకుంది. బ్రిటన్‌లో 2013లో మొదలైన యూనివర్సల్ క్రెడిట్ పద్ధతిలో ఉద్యోగం వెతకడానికి సలహా చెప్పే ఉద్యోగే, ఒప్పుకున్న షరతులను తప్పారని రాసి భృతి కోతకు పంపగలరు. జర్మనీలో ఈ కోతల వ్యవహారం చివరికి రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2019 నవంబరు 5న ఇచ్చిన తీర్పులో ఆ న్యాయస్థానం, కనీస జీవనానికి ఇచ్చే మొత్తంలో 30 శాతానికి మించి కోయడం మానవ గౌరవానికి సంబంధించిన హామీకి విరుద్ధమని చెప్పింది. మన దగ్గర ఆ భృతి లేదు, ఆ కోత పట్టికలూ లేవు. గ్రామాల్లో ఉన్నట్టు అడిగినవారికి పని చూపించవలసిన చట్టం పట్టణాలకు ఇంతవరకు రాలేదు. ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి ఉద్యోగం పోయిన కొత్తలో 90 రోజుల వరకు కొంత భత్యం ఇచ్చే అటల్ బీమిత వ్యక్తి కల్యాణ్ యోజన ఉన్నా, ఆరేళ్లుగా పనిలేని మీ వెల్డరుకు అది అక్కరకు రాదు. పని లేనందుకు ఆయన పేరిట వచ్చేది ఏమీ లేదు. ఇల్లు నిలబడుతున్నది తల్లి వయసు మీద, భార్య చేతిపని మీద, బియ్యం కార్డు మీద. తన పేరిట ఏమీ రాని ఇంట్లో, తన మాట పొరపాటువల్ల తల్లికి వచ్చేది కూడా పోతుందేమోనన్న భయంతో ఆయన మీ ముందు నిలబడుతున్నారు. ఆయన మౌనాన్ని ఈ వైపు నుంచి చూడమని నా మనవి.

ముందుగా చేయవలసింది మీ రెండు పనులను వేరుచేసి, ఏది ఎప్పుడు చేస్తున్నారో నోరు విప్పి చెప్పడం. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వెళ్లినప్పుడు పింఛను మాత్రమే ఇవ్వండి. మామ్మ గారి ఆరోగ్యం అడగండి, వేలిముద్ర పడకపోతే ఓపికగా మళ్లీ ప్రయత్నించండి, అంతటితో వచ్చేయండి. ఆ రోజు ఎవరు ఏ పనికి వెళ్తున్నారన్న ప్రశ్న మీ నోట రాకూడదు. వివరాలు కావలసినప్పుడు వేరే రోజున, ముందుగా కబురు చేసి వెళ్లి, "ఈరోజు సర్వే కోసం వచ్చాను, ఈ ప్రశ్నలు అడుగుతాను, మీరు చెప్పింది ఇలా రాస్తాను" అని మొదటే చెప్పండి. రాసినదాన్ని ఫోన్ తెర మీద చూపించి, చదివి వినిపించండి. ఇందుకు పట్టేది అయిదు నిమిషాలు. తన గురించి ఏం రాశారో తెలియని మనిషి ఏదైనా రాసి ఉంటారనే అనుకుంటాడు. చదివి వినిపించిన తర్వాత ఆ అనుమానానికి చోటు చాలావరకు తగ్గుతుంది.

తర్వాత ఆదాయం లెక్క. పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకు 12,000 రూపాయలు మించకూడదన్న పరిమితి మీకు కంఠతా వచ్చి ఉంటుంది. ఆయనకు తెలుసా? చాలామందికి తెలియదు. ఒక్కరోజు కూలి దొరికిందని తెలిసినా కార్డు పోతుందని నమ్మేవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక కాగితం తీసి ఆయన ముందే లెక్క వేయండి. రోజుకు 700 రూపాయల చొప్పున అయిదు రోజుల పని దొరికిందనుకుంటే 3,500, భార్య సంపాదన 4,000, మామ్మ గారి పింఛను కూడా కలిపి చూసినా 11,500. పరిమితి దాటలేదు. అంటే ఆయన దాచిపెడుతున్నది దాచనవసరం లేని విషయం. ఆ మాట మీ నోట వినాలి. అదే సమయంలో రెండో సగాన్ని కూడా దాచకండి: పది పన్నెండు రోజుల పని దొరకడం మొదలైతే లెక్క మారవచ్చు. అప్పుడు ఏది ఉంటుంది, ఏది పోతుంది అన్నది మీకు స్పష్టంగా తెలియకపోతే పైఅధికారిని రాతపూర్వకంగా అడిగి తెలుసుకుని చెప్పండి. ప్రతి నెలా కచ్చితంగా వచ్చే 4,000 ఒకవైపు, వస్తుందో రాదో తెలియని కూలి మరోవైపు ఉన్నప్పుడు, ఏ కుటుంబమైనా మొదటిదాన్నే గట్టిగా పట్టుకుంటుంది. అందులో సోమరితనం లేదు, లెక్క తెలిసిన సంసారి జాగ్రత్త ఉంది.

ఆయనకు నిజంగా పని చేయాలని ఉందా అని అడిగారు. మీరు అబద్ధానికి సాక్ష్యంగా చూస్తున్న ఆ నాలుగైదు రోజులే ఈ ప్రశ్నకు జవాబు. పని మీద ఆశ చచ్చినవాడు పొద్దున్నే లేబర్ అడ్డాకో పాత స్నేహితుడి షెడ్డుకో వెళ్లడు. తెలిస్తే ఇంటికి వచ్చేది పోతుందని భయపడుతూ కూడా వెళ్తున్నారంటే, ఆ కోరిక ఎంత బలమైనదో ఆలోచించండి.

అయితే దీర్ఘకాలం పని లేకపోవడం మనిషిని మార్చే మాట కూడా నిజమే. ఆస్ట్రియాలో, వియన్నాకు దగ్గర్లో మరియంతాల్ అనే చిన్న కార్మిక గ్రామం ఉంది. 1930 నాటికి అక్కడి బట్టల మిల్లు మూతపడి, దాదాపు ఊరంతా పని కోల్పోయింది. 1931 చివర్లో కొందరు యువ పరిశోధకులు వెళ్లి ఆ కుటుంబాల రోజువారీ జీవితాన్ని దగ్గరగా గమనించారు. తీరిక పెరిగింది కాబట్టి ఎక్కువ చదువుతారని ఎవరైనా అనుకుంటారు. కానీ గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం సుమారు సగానికి పడిపోయింది. మగవాళ్ల నడక నెమ్మదించింది, వీధిలో మాటిమాటికీ ఆగిపోయేవారు, పొద్దుటినుంచి ఏం చేశావంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆడవాళ్లకు మాత్రం ఇంటిపని ఎప్పటిలాగే ఊపిరాడనివ్వలేదు. మీ వెల్డరు జాబ్ మేళాకు రాకపోవడాన్ని, భార్య మాత్రం పొద్దున్నే పనికి బయల్దేరడాన్ని పక్కపక్కన పెట్టి ఆయనను తప్పుపట్టే ముందు ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి ఎవరూ పిలవకపోతే, బయటికి అడుగు వేయడమే ఒక పెద్ద పని అవుతుంది.

ఆ పరిశోధకుల గురించి మీకు మరొక సంగతి చెప్పాలి, ఎందుకంటే అది నేరుగా మీ ఉద్యోగానికి వర్తిస్తుంది. వాళ్లు పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఊళ్లో ఎవరూ ఊరికే గమనించడానికి ఉండకూడదు, ప్రతి ఒక్కరూ అక్కడివారికి పనికొచ్చే ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. అందుకని వియన్నాలో పాత బట్టలు సేకరించి పంచారు, వైద్యుల చేత పరీక్షలు చేయించారు, బట్టలు కత్తిరించడం నేర్పే తరగతి నడిపారు. కుటుంబాల గురించి వాళ్లకు తెలిసినదంతా ఈ పనుల మధ్యనే తెలిసింది. మన సచివాలయాల్లో సర్వే వెంట సర్వే వస్తోంది. ఇంటింటి వివరాలు, పేద కుటుంబాలను దాతలకు జతచేసే పీ4 కోసం, చదువు, నైపుణ్య వివరాలు నమోదు చేసే కౌశలం కోసం, ఇంకా మరెన్నో. అడిగినవాళ్లే మళ్లీ వచ్చి అవే ప్రశ్నలు అడిగి, చేతికి ఏమీ ఇవ్వకుండా వెళ్లిపోతుంటే, జవాబు చెప్పేవారి గొంతులో విసుగు రావడం సహజం. మీ చేతుల్లో సర్వేలను ఆపే అధికారం లేదు. కానీ ఆ ఇంటికి పనికొచ్చే ఒక పని మాత్రం మీ దగ్గర సిద్ధంగా ఉంది. ఏ సంఘటనతో నమ్మకం పోయిందో అక్కడే అది ఉంది.

ఆ కరెంటు లెక్క సంగతి. అయిదు వాటాల ఇంట్లో ఒక్క కుటుంబం వాడకం 300 యూనిట్లు దాటిందంటే, ఫ్యానూ టీవీ తప్ప ఏమీ లేని ఇంటి విషయంలో, ముందుగా మీటరునే అనుమానించాలి. సాధారణంగా జరిగే తప్పులు రెండు. ఇంటి యజమాని మీటరు అద్దెకున్నవారి ఆధార్‌కు ముడిపడి ఉంటుంది, లేదా ఒకే మీటరు మీద అన్ని వాటాలూ నడుస్తూ ఆ మొత్తం వాడకం ఒకరి ఖాతాలో పడుతుంది. మీ కంప్యూటర్‌లో ఆ కుటుంబానికి ఎదురుగా కనిపిస్తున్న సర్వీసు నంబరును రాసుకుని, ఆయనను వెంటబెట్టుకుని ఆ ఇంటి కరెంటు బిల్లులతో పోల్చి చూడండి. తేడా ఉంటే బిల్లు నకలు, అద్దెకుంటున్నట్టు యజమాని రాసిచ్చిన కాగితం జతచేసి విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ కార్యాలయంలో ఆ అనుసంధానాన్ని తొలగించమని దరఖాస్తు ఇప్పించండి, అది సరిచేశాక సచివాలయం నుంచి అర్హత పునఃపరిశీలనకు పెట్టండి. ఇంటి యజమాని కాగితం ఇవ్వడానికి వెనకాడవచ్చు. వాటాలన్నీ లెక్కలోకి వస్తే పన్ను పెరుగుతుందనే భయం చాలామంది యజమానులకు ఉంటుంది. అప్పుడు అద్దెదారును ఒంటరిగా పంపకుండా మీరే వెళ్లి, ఈ కాగితం దేనికి అవసరమో, దేనికి ఉపయోగించరో చెప్పండి. దరఖాస్తు ఇచ్చిన రసీదును ఆయన చేతికే ఇవ్వండి, మీ ఫైలులో పెట్టుకోవద్దు.

నేను దీన్ని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. పిల్ల చదువుకు రావలసిన 13,000 రూపాయలు ఎందుకు ఆగాయో ఆ కుటుంబానికి ఇప్పటికీ ఎవరూ వివరంగా చెప్పలేదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. "సిస్టమ్‌లో అలా చూపిస్తోంది" అనే మాట మన కార్యాలయాలన్నింటిలో వినిపిస్తుంది. చెప్పేవారికి అది నిజమే. వినేవారికి మాత్రం అది, కారణం చెప్పకుండా ముఖం మీద తలుపు వేయడమే. ఎవరు, ఏ లెక్కతో, ఏ నియమం కింద తనను పక్కనపెట్టారో తెలుసుకునే హక్కు ఆయనకు ఉంది. అది ఆయనకు తెలియజేయడం మీ విధిలో భాగం.

ఇక ఉద్యోగం మాట. 49 ఏళ్ల వెల్డరును జాబ్ మేళాకు రమ్మనడం మానేయండి. అక్కడికి వచ్చే సంస్థల్లో ఎక్కువ భాగం ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న డిగ్రీ, ఐటీఐ యువకుల కోసమే చూస్తాయి. కొడుకు వయసు వాళ్ల వరుసలో నిలబడి, వయసు చెప్పగానే పక్కకు పంపించే అనుభవం ఆయనకు ఒకసారైనా జరిగి ఉంటుంది. ఆయన దగ్గర దశాబ్దాల చేతిపని ఉంది, దాన్ని చూపించే కాగితం లేదు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ఇప్పటికే పని వచ్చినవారి నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఆర్‌పీఎల్ అనే ఏర్పాటు ఉంది. మన జిల్లాలో వెల్డింగుకు ఆ పరీక్ష ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో కంచరపాలెంలోని ఉపాధి కార్యాలయంలోనూ, ఐటీఐలోనూ మీరే ముందు కనుక్కుని, తారీఖు ఖాయమయ్యాకే ఆయనకు చెప్పండి. ఫలానా చోటికి వెళ్లి కనుక్కోండి అని పంపిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. ఈ-శ్రమ్ కార్డు లేకపోతే సచివాలయంలోనే నమోదు చేయించండి, 59 ఏళ్ల వరకు అవకాశం ఉంది. భార్య డ్వాక్రా సంఘంలో ఉంటే, ఆమె పేరిట అప్పు తీసి వెల్డింగ్ యంత్రం కొనమనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. చేతిలో కనీసం ఇద్దరు ముగ్గురు ఖాతాదారులు ఉన్నారని రూఢి అయ్యేవరకు ఆ సలహాను మీరు సమర్థించవద్దు. పని లేని ఇంటికి వాయిదాలు తోడైతే మొదట కోత పడేది ఆ పిల్ల చదువు మీదే.

పక్కవాటా వాళ్ల మాటల మీద మీరు ఏదీ రాయకూడదు, వాళ్లు చెప్పారని ఆయనతో అనకూడదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో మీరు గుమ్మంలో అడిగే ప్రతి ప్రశ్నా నాలుగు ఇళ్లకు వినిపిస్తుంది. ఆయన అంత గట్టిగా అరవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. డబ్బు, పని గురించి మాట్లాడవలసినప్పుడు సచివాలయంలో జనం పల్చబడే వేళకు రమ్మనండి. అలా రమ్మన్నప్పుడు ఆయన కూలి రోజు పోకుండా చూసుకోండి. ఇంటికి ఒంటరిగా వెళ్లడానికి మీకు జంకుగా ఉంటే తోడు తీసుకెళ్లండి, అందులో తప్పేమీ లేదు. మహిళా పోలీసుగా పేరున్న మహిళా సంరక్షణ కార్యదర్శిని మాత్రం తీసుకెళ్లవద్దు, పోలీసు వచ్చినట్టే వీధి మొత్తం అనుకుంటుంది. ఆరోగ్య కార్యదర్శి వస్తే మామ్మ గారి బీపీ చూసినట్టూ ఉంటుంది, మీకు ధైర్యంగానూ ఉంటుంది. ఆయన నిద్ర, తిండి, మందు అలవాటు విషయంలో భార్య ఎప్పుడైనా ఆందోళనగా మాట్లాడితే మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలీమానస్ నంబరు 14416 ఆమెకు ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు. విశాఖలోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉందని చెప్పండి. ఈ మాటను మాత్రం ఏ ఫారంలోనూ ఎక్కించకండి.

కఠినంగా ఉండాలా, చూసీచూడనట్టు పోవాలా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చూసీచూడనట్టు పోవడం దయలా కనిపిస్తుంది కానీ, అది ఆ కుటుంబాన్ని మీ దయాదాక్షిణ్యాల మీద ఉంచుతుంది. రేపు మీకు బదిలీ అయితే కొత్తగా వచ్చినవారికి ఆ రాయని ఒప్పందం తెలియదు. మీకు ఒకరోజు కోపం వస్తే, మీకు తెలిసినది ఏం చేస్తారోనని వాళ్లు భయపడుతూనే ఉండాలి. కఠినత్వం గురించి వేరే చెప్పనక్కర్లేదు, దాని ఫలితం ఇప్పటికే ఆయన మౌనంలో చూస్తున్నారు. నియమం ఏం చెబుతుందో ముందే చెప్పండి, దాని లోపల ఇప్పించగలిగిన ప్రతి రూపాయినీ ఇప్పించండి, చేయలేనిదాన్ని చేస్తానని అనకండి, చేస్తానన్నదాన్ని చెప్పిన రోజుకు చేయండి. దీనికి నెలలు పడుతుంది. ఆయన వెంటనే మళ్లీ మిమ్మల్ని చెల్లెలిలా చూడకపోవచ్చు, చూడనవసరమూ లేదు. తన గురించి మీరు రాసేది నిజమని ఆయన నమ్మితే చాలు.

మీ అలసటను కూడా నేను గమనించాను. జర్మనీలో దీర్ఘకాలంగా పని లేనివారిని చూసే ఉద్యోగికి, పాతికేళ్లు దాటినవారి విషయంలో 150 మందికి ఒకరు చొప్పున ఉండాలని లెక్క పెట్టుకున్నారు. అది అన్ని చోట్లా అమలు కాదు గాని, కనీసం ఒక లెక్క ఉంది. మన వార్డు సచివాలయం ఏర్పాటైందే సుమారు 4,000 జనాభాకు, అందులో సంక్షేమానికి మీరు ఒక్కరు. ప్రతి ఇంటికీ నేను పైన చెప్పినంత సమయం మీరు ఇవ్వలేరు. అందుకని మీ జాబితాలో ఏళ్ల తరబడి పని లేనివారు ఉన్న ఇళ్లను, మీటరు లాంటివి తప్పుగా ముడిపడడం వల్ల ఏదో ఒకటి ఆగిపోయిన ఇళ్లను వేరుగా రాసుకుని వాటితో మొదలుపెట్టండి. ఇలాంటి మీటరు తప్పులు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో లెక్క రాసి, సహోద్యోగులతో కలిసి జోనల్ కార్యాలయానికి ఒకే వినతిగా ఇవ్వండి. ఒక్కొక్క ఇంటి కోసం విడివిడిగా తిరిగేకన్నా అది త్వరగా తేలే అవకాశం ఉంది.

విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు కదలకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టుకోవచ్చని మీ వెల్డరుకు మీరే చెప్పండి. మీ సచివాలయం మీద ఫిర్యాదు చేసినట్టు అవుతుందేమోనని ఆయన సందేహిస్తే, అర్జీలో మీ కార్యాలయం పేరు రాయడానికి అభ్యంతరం లేదని చెప్పి, సర్వీసు నంబరు, రసీదు నంబరు తప్పులు పోకుండా రాయడానికి సాయం చేయండి.